వార్తల్లో పదం: ర్యాగింగ్

2023 ఫిబ్రవరి 26న పంజగుట్ట నిమ్స్‌లో ఓ పీజీ వైద్య విద్యార్థిని కన్నుమూసింది. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో చదువుతూ, ప్రాణాపాయ స్థితిలో ఇక్కడికి వచ్చిన అమ్మాయి. సీనియర్ వేధించాడన్నది కుటుంబం ఆరోపణ. పోలీసులు అతణ్ని అరెస్టు చేశారు. వాట్సాప్ గ్రూపులో నలుగురి ముందు చిన్నబుచ్చారన్న మాట అప్పుడు గట్టిగా వినిపించింది. ర్యాగింగ్ అనిపించుకోవడానికి చెయ్యి చేసుకోనక్కర్లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఏడిపించి అవమానిస్తే 6 నెలల దాకా జైలు. ఆత్మహత్యకు దారితీస్తే యావజ్జీవం కూడా పడొచ్చు. ఫిర్యాదును పట్టించుకోని కాలేజీ పెద్ద సైతం నేరానికి సహకరించినట్టే లెక్క. ఈ సంగతి ప్రతి తల్లికీ తండ్రికీ తెలియాలి.

యూజీసీ 2009 నిబంధనలు కాలేజీ గేటు దగ్గర ఆగవు. అమీర్‌పేట ప్రైవేటు హాస్టల్ గదిలో నాలుగు మంచాలుంటే, ఒకటి సీనియర్‌ది కావచ్చు. రికార్డులు రాసిపెట్టమనడం, రీచార్జ్ చేయించుకోవడం, అర్ధరాత్రి లేపి ‘ఇంట్రో’ అడగడం... ‘చెయ్యను’ అనే వీలు జూనియర్‌కు ఉందా అన్నదే చూడాలి.

ఇంటికి ఫోన్లు తగ్గించిన పిల్లను, పండక్కొచ్చి తిరిగి వెళ్లనంటున్న పిల్లాణ్ని గదమకండి. పక్కన కూర్చుని అడగండి. మెసేజ్‌లు చెరిపేయనివ్వకండి, స్క్రీన్‌షాట్లు దాచండి. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రీపగలూ పనిచేస్తుంది.