బ్యాక్టీరియాలోకి వెళ్ళిన వెరిలాగ్

సన్నీవేల్‌లో చిప్ డిజైన్ చేసే మనవాళ్ళు రోజూ రాసేది వెరిలాగ్. అదే భాషలో రాసిన ప్రోగ్రామును డీఎన్‌ఏగా మార్చి ఈ. కోలై బ్యాక్టీరియాలో నడిపించారని వాళ్ళలో ఎంతమందికి తెలుసో!

ఈ కథలో తొలి అడుగు ఆ ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే, స్టాన్‌ఫర్డ్‌లో పడింది. జన్యువుల అల్లికను ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌లా గీసి లెక్కకట్టవచ్చని 1995లో భౌతికశాస్త్రజ్ఞుడు హార్లీ మెకాడమ్స్, జీవశాస్త్రజ్ఞురాలు లూసీ షపీరో 'సైన్స్' పత్రికలో చూపించారు. వాళ్ళు ఎంచుకున్నది 48,502 అక్షరాల డీఎన్‌ఏ ఉన్న లాంబ్డా ఫేజ్ అనే వైరస్. బ్యాక్టీరియాలో చొరబడ్డాక దానికి రెండు దారులు: వెంటనే సంతతిని పెంచుకుని ఆ కణాన్ని పగలగొట్టడం, లేదా దాని డీఎన్‌ఏలో కలిసిపోయి అణగి ఉండటం. సీఐ, క్రో అనే ప్రోటీన్లు ఒకదాన్నొకటి అణచుకుంటాయి; ఏది గెలిస్తే వైరస్‌ది ఆ దారి. ఈసీఈ చదివినవారు ఇందులో ఫ్లిప్‌ఫ్లాప్‌ను ఇట్టే పోల్చుకుంటారు.

అయితే కణంలో తీగలు లేవు. ప్రోటీన్లన్నీ ఒకే ద్రవంలో తిరుగుతుంటాయి. ఏ ప్రోటీన్ డీఎన్‌ఏలో ఏ చోట అంటుకుంటుందన్నదే అక్కడి వైరింగ్. చిప్‌లో నానోసెకన్లలో అయ్యే పనికి ఇక్కడ ప్రోటీన్ పోగుపడేదాకా నిమిషాలు ఆగాలి. గేట్లు గీసి ఊరుకోకుండా ఆ ఆలస్యాన్నీ, రసాయన చర్యల వేగాన్నీ సర్క్యూట్‌లో కలిపి లెక్కించడమే ఆ ఇద్దరి అసలు ఘనత అని నా అభిప్రాయం. 1997లో మెకాడమ్స్, ఆడమ్ ఆర్కిన్ మరో మెట్టు ఎక్కారు. అణువులు కొద్దిగా ఉన్నచోట ప్రోటీన్లు ఉండుండి విడతలుగా వస్తాయి కాబట్టి, ఒకే జన్యువులున్న రెండు కణాలు వేర్వేరు దారులు పట్టవచ్చని తేల్చారు.

2000 జనవరిలో 'నేచర్' ఒకే సంచికలో రెండు కృత్రిమ జన్యు సర్క్యూట్లు వెలువడ్డాయి: బోస్టన్ నుంచి స్విచ్, ప్రిన్స్‌టన్ నుంచి ఆసిలేటర్. 2016లో ఎంఐటీలో క్రిస్టఫర్ వాయిట్ బృందం, సహచరులు 'సెల్లో' అనే సాఫ్ట్‌వేర్‌తో వెరిలాగ్‌ను డీఎన్‌ఏగా మార్చారు. 60 సర్క్యూట్లలో 45 అన్ని స్థితుల్లోనూ సరిగ్గా పనిచేశాయి. జీవకణంలో అది చిన్న విజయం కాదు.

సర్క్యూట్ల నుంచి జీవశాస్త్రానికి వెళ్ళే ఈ దారి మనవాళ్ళకు కొత్త కాదు. గుంటూరులో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్ 1975లో బర్క్‌లీ సర్క్యూట్ సిద్ధాంతకర్త చార్లెస్ డెసోయర్‌తో కలిసి ఫీడ్‌బ్యాక్ వ్యవస్థలపై పుస్తకం రాశారు. 2009లో డల్లస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, క్యాన్సర్ జీవశాస్త్రానికి గణితాన్ని జోడించే పనికి పూనుకున్నారు. తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లోనూ పనిచేశారు.

ఈసీఈ అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: చివరి సంవత్సరం విద్యార్థులకు లాంబ్డా ఫేజ్ సర్క్యూట్‌ను ప్రాజెక్టుగా ఇవ్వండి. మొదలుపెట్టడానికి వాళ్ళు చదివిన చదువు చాలు.