మన్యమున మంత్రసాని

అడ్డతీగల పేరు వినగానే చరిత్ర చదివినవారికి 1922వ సంవత్సరము, అల్లూరి సీతారామరాజు దండు అచ్చటి పోలీసు ఠాణాపై జరిపిన దాడి స్ఫురించును. ఆ చరిత్ర గ్రంథముల కెక్కినది. అవే కొండలలో తరతరములుగా సాగివచ్చిన మరియొక చరిత్ర కలదు. అది పగలెల్ల చేనిలో శ్రమించి, అవసరమైన రాత్రి పొరుగింట పురుడు పోసిన ఇల్లాలి చరిత్ర.

కొండరెడ్ల, కొండదొరల పల్లెలలో మంత్రసానితనము ప్రత్యేకమైన వృత్తి కాదు. అనుభవము గల పెద్దదిక్కునకు ఊరు అప్పగించిన బాధ్యత. ఆమె ముందుగా రైతు. వేసవిలో చెట్లు కొట్టి కాల్చిన పోడుపై తొలకరికి చోళ్ళు, సామలు, కందులు చల్లవలెను, కలుపు తీయవలెను, పంటను పిట్టలనుండి, అడవిపందులనుండి కాయవలెను. చేనిపని తగ్గిన దినములలో చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు సంతకు మోయవలెను. నీళ్ళు, కట్టెలు, వంట సరేసరి. కోడలిగా వచ్చిన క్రొత్తలో అత్త ప్రక్కన నిలిచి కాన్పులు చూచును. తాను బిడ్డలను కన్న పిదప స్వయముగా చేయి వేయును. మనుమలెత్తునాటికి ఊరి పిల్లలలో పెక్కుమంది ఆమె చేతిలో పుట్టినవారే యగుదురు.

నొప్పులు పడు స్త్రీకి నమ్మకమైన తోడు ఎంత మేలు చేయునో నేటి వైద్యశాస్త్రమును అంగీకరించుచున్నది. అయితే ఆ తోడుతోపాటు ఒక అపాయమును పొంచియుండెడిది. అది ఆమె నిత్యము దున్ని త్రవ్వు మట్టిలోనే యున్నది.

ధనుర్వాత క్రిములు మట్టిలోను, పశువుల పేడలోను బీజరూపమున ఏండ్లతరబడి నిలిచియుండును. చేనిలో వాడిన కొడవలితో బొడ్డు కోసినను, కోసినచోట పేడ అద్దినను అవి శిశువు దేహమును చేరును. పుట్టినపుడు చక్కగా పాలు త్రాగిన బిడ్డ కొద్దిదినములకే దవడలు బిగిసి పాలు త్రాగలేకపోవును. చిన్న చప్పుడైనను దేహము విల్లువలె వంగును. ధనుస్సువలె వంచునది గనుకనే ధనుర్వాతమని పేరు. తల్లులు దీనిని గాలిచేష్టయని తలచి వగచెడివారు.

నివారణము సులభము. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, క్రొత్త బ్లేడు, మరిగించిన దారము, ఏమియు పూయని బొడ్డు - ఇవి చాలును. గర్భిణికి సూదిమందు వేసినచో ఆమె రక్తమునందలి రక్షణశక్తి గర్భమునందలి శిశువునకును సంక్రమించును. నాటు మంత్రసానులకు శిక్షణ నిచ్చుటకై 1903లోనే విక్టోరియా స్మారకనిధి ఏర్పడినది. 1946లో భోర్ కమిటీయు అట్టి శిక్షణను సమర్థించినది. 1985లో ఆరంభమైన సార్వత్రిక టీకా కార్యక్రమము గర్భిణులకు సూదిమందును పల్లెపల్లెకు చేర్చినది. తుదకు 2015లో భారతదేశమున తల్లులకు, శిశువులకు ధనుర్వాతము నిర్మూలింపబడినట్లు ప్రకటించిరి.

కాని శుభ్రత ఒక్కటియే అన్నిటిని తీర్చలేదు. కాన్పు పిమ్మట రక్తస్రావము ఆగనిచో రెండుగంటలలోనే తల్లి ప్రాణము పోవచ్చును. బిడ్డ అడ్డము తిరిగినచో శస్త్రచికిత్సయే శరణ్యము. అప్పుడు ఎంతటి అనుభవము గల చేయియైనను చాలదు, ఆసుపత్రి కావలెను. 2005లో ఆశా కార్యకర్తలు, జననీ సురక్షా యోజన, 108 వాహనము వచ్చినవి. అయితే బాట ఆగినచోట వాహనమును ఆగును; అచ్చటినుండి డోలీయే దిక్కు. ఇవే తూర్పు కనుమలలో ఉత్తరముగా నున్న సాలూరునందు, కొండశిఖర గ్రామముల గర్భిణులు నెలలు నిండకముందే వచ్చి యుండుటకు వసతిగృహము నెలకొల్పుట ఈ కష్టమును గుర్తించియే.

మరి మంత్రసాని పని ముగిసినదా? ముగియలేదు. ఎవరింట ఎవరికి ఎన్నవ నెలయో ముందుగా ఎరిగినది ఆమె. భయపడు కోడలిని, బయలుదేరనీయని అత్తను ఒప్పింపగల మాటయు ఆమెదే. నేటి ఆశా కార్యకర్తలలోను పెక్కుమంది చేనిపని చేసికొను ఇల్లాండ్రే. ఆసుపత్రివారు ఆ పెద్దామెను వాకిట నిలుపక, గర్భిణి మంచము ప్రక్కన కూర్చుండనిచ్చినచో, తరువాతి గర్భిణి డోలీ ఎక్కుటకు అంతగా జంకదు. సకాలమున ఆసుపత్రికి చేరును.