ఘాజీ (తెలుగు చిత్రం)

ఘాజీ 2017 ఫిబ్రవరి 17న తెలుగు, హిందీ భాషలలో విడుదలైన యుద్ధచిత్రం. సంకల్ప్ రెడ్డికి దర్శకునిగా ఇది తొలి చిత్రం. రానా దగ్గుబాటి, కే కే మీనన్, అతుల్ కులకర్ణి, తాప్సీ ప్రధాన పాత్రధారులు.

చరిత్ర - కల్పన

1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం రేవు సమీపమున మునిగిపోయినది. అందులోని 90 మందికి పైగా నావికులందరూ మరణించారు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ నౌక జరిపిన దాడి వలన మునిగినదని భారత నౌకాదళం, ప్రమాదవశాత్తు జరిగిన ప్రేలుడే కారణమని పాకిస్తాన్ పేర్కొన్నాయి. చిత్రంలో ఘాజీని ముంచిన భారత జలాంతర్గామి ఎస్-21 గాథ మాత్రం కల్పితం. దీనిని చరిత్రగా గ్రహించరాదు.

పురస్కారం, తరువాతి చిత్రాలు

65వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఇది ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైనది. దర్శకుడు తరువాత అంతరిక్షం (2018) తీసి, ఐబీ 71 (2023) అను హిందీ చిత్రంతో తిరిగి 1971 నాటి ఇతివృత్తాన్నే చేపట్టారు.