బాలింత దేహము, బాలింత మనస్సు

పురుడు వచ్చిన యింటికి చుట్టములు వచ్చుచున్నారు, పోవుచున్నారు. బిడ్డ ముక్కు తాతదా, కన్నులు మేనత్తవా యని తర్కము సాగుచున్నది. పాలు త్రాగెనా, నిదురించెనా, బరువెంత యని యడుగనివారు లేరు. ఆ గదిలోనే మంచముమీద పండుకొనియున్న తల్లిని “నీకెట్లున్నదమ్మా?” యని యడిగినవారెందఱు? సోదరీమణులారా, ఒక్కసారి లెక్క చూచుకొనుడు. తొమ్మిది నెలలు అందఱ కన్నులును ఆమెమీదనే యుండెను. ఆమె కోరినదెల్ల తెచ్చి పెట్టిరి. బిడ్డ భూమిమీద పడిన గడియనుండి ఆమె పాలిచ్చు మనిషి మాత్రమే యయ్యెను. కాన్పుతో కష్టము తీఱినదని మనము తలంతుము గాని, ఆమె దేహమునకును మనస్సునకును పెద్దపని యప్పుడే మొదలగుచున్నది.

మన పూర్వులకీ సంగతి తెలియకపోలేదు. ప్రసవించిన స్త్రీని నెలన్నర దినములు సూతికగా నెంచి ఉపచరింపవలెనని సుశ్రుతుడు విధించియున్నాడు. నేటి వైద్యులు ఆఱు వారములందురు, అనగా 42 దినములు. ఎన్నో శతాబ్దుల యెడముండియు ఉభయుల లెక్కకును మూడు దినములే భేదము.

ఆ దినములలో లోపల జరుగు మరమ్మతు సామాన్యమైనది కాదు. కాన్పు కాగానే గర్భాశయము రమారమి ఒక కిలో బరువుండి, బొడ్డు దాపున గట్టి బంతివలె చేతికి తగులును. దినమునకొక వ్రేలి వెడల్పు చొప్పున దిగి, పది పండ్రెండు దినములలో పైకి తగులకుండ పోవును. ఆఱు వారములు నిండునప్పటికి నూఱు గ్రాములకు లోబడి, మునుపటి పరిమాణమునకు వచ్చును. బిడ్డ పాలు కుడుచునప్పుడు పొత్తికడుపున వచ్చు నొప్పి ఈ ముడుచుకొనుట వలననే కలుగును. రెండవ, మూడవ కాన్పులలో అది హెచ్చు. మాయ యంటియుండిన చోటు అరచేయియంత పచ్చిపుండు. అది మానుచున్న కొలది, మొదట ఎఱ్ఱగా నుండిన స్రావము నాలుగైదు దినములకు గోధుమవన్నెకు దిగి, పది దినముల పిమ్మట తెలుపెక్కి, నెల నెలన్నరలో నిలిచిపోవును. మనకు పైకి కనబడని పుండు గనుక దానిని మఱచిపోవుదుము. చేతిమీద నంతటి పుండున్న కోడలిని బిందె యెత్తుమని ఏ యత్తగారును చెప్పదు గదా!

కడుపు కోసి బిడ్డను తీసినచో ఈ పుండునకు తోడు మఱియొకటి. అట్టి తల్లి ఆఱు వారములవఱకు బిడ్డకంటె బరువైనదేదియు నెత్తరాదు. దగ్గునప్పుడును తుమ్మునప్పుడును కడుపునకు దిండు అదిమి పట్టుకొనిన నొప్పి తగ్గును. అట్లని కదలక పండుకొనుటయు మంచిది కాదు. కాళ్ళ నరములలో రక్తము గడ్డకట్టు భయమున్నది గావున, వైద్యులు చెప్పిన దినమునుండియే మెల్లగా నడువవలెను.

పచ్చిపుండునకు శుచియే ప్రధానమని లోకము నేర్చుకొనుటకు ఎందఱో తల్లులు బలియైరి. వియన్నా నగరపు పెద్ద వైద్యశాలలో వైద్యవిద్యార్థులు పురుళ్ళు పోసెడి విభాగమున 1846వ సంవత్సరమున నూటికి పదునొకండుగురికి పైగా తల్లులు మరణించిరి. శవపరీక్ష చేసిన చేతులతోనే వారు పురుళ్ళు పోయుచుండిరని సెమ్మెల్ వైస్ అను వైద్యుడు కనుగొని, 1847లో ప్రతివాడును సున్నపు క్లోరిను నీటితో చేతులు కడుగుకొనవలెనని కట్టడి చేసెను. 1848లో మరణములు నూటికి ఒకటికి దిగెను. ఇంతచేసినను ఆనాటి పెద్ద వైద్యులు చాలమంది ఆయన మాటను త్రోసిపుచ్చిరి. మన పురిటిగదులలో పదిదినములు పరాయివారిని ముట్టనీయని యాచారములో అంటు ఎంత, మేలు ఎంత యను చర్చ మాకిప్పుడక్కఱలేదు. కాని బిడ్డనెత్తుకొనుటకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుట మాత్రము ఏ యింటను విడువరాదు.

ఆచారముల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. నువ్వుల నూనెతో ఒళ్ళు పట్టుట, వేడినీళ్ళు పోయుట, పుట్టింట మూడు నెలలో అయిదు నెలలో నిలిపి పనికి పంపకుండుట, ఇవన్నియు తల్లికి ఉపకారములు. కాయము ముద్దయు, శొంఠి కారమును మితముగా తినిన తప్పులేదు. చెవులలో దూది పెట్టినంత మాత్రమున నష్టమేమియు లేదు. కాని దాహమైన బాలింతకు నీరు చాలినంత ఈయకుండుటను మాత్రము మేమొప్పుకొనజాలము. నీరు త్రాగిన కడుపు పెరుగునని కొన్ని యిండ్ల భయము. కడుపు పెద్దదిగా నుండుట నీటివలన కాదు. సాగిన కండరములు ఇంకను బిగియకపోవుటవలన. పాలిచ్చు తల్లికి దాహము హెచ్చు. నీరు చాలనిచో మలబద్ధమును, మూత్రమున మంటయు దాపురించును. కాచి చల్లార్చిన నీటిని ఆమె చేతికందునట్లు మంచము ప్రక్కనే పెట్టవలెను. పాతబియ్యపు టన్నము, కారప్పొడి తప్ప మఱేమియు పెట్టకుండుటయు నట్టిదే. నెత్తురు పోయిన దేహమునకు పప్పు, ఆకుకూరలు, పాలు, పెరుగు, పండ్లు, అలవాటున్నవారికి గ్రుడ్డు, చేప కావలయును. తలుపులన్నియు బిగించిన గదిలో మంచము క్రింద నిప్పుల కుంపటి యుంచుట మిక్కిలి ప్రమాదము. ఆ బొగ్గుల విషవాయువు వాసనైన తెలియనీయక తల్లీబిడ్డల ప్రాణములు తీయగలదు.

కొన్ని గుర్తులు కనబడిన గడియ యైనను తామసింపరాదు. గంటకొక గుడ్డ తడియునంత రక్తము పోవుట, 100.4 డిగ్రీలు దాటిన జ్వరము, స్రావము దుర్వాసన కొట్టుట, ఒక పిక్క వాచి నొప్పి పెట్టుట, ఊపిరాడకపోవుట, కన్నులు మసకలు కమ్మునట్టి తలనొప్పి, మూర్ఛ. వీనిలో నేది కనబడినను 108కి కబురు చేసి వైద్యశాలకు తీసికొనిపోవలెను. దిష్టి తీయుట తర్వాత చూచుకొనవచ్చును.

ఇక మనస్సు మాట. కాన్పైన మూడవ నాటికో, నాలుగవ నాటికో తల్లికి కారణము లేని దుఃఖము వచ్చును. బిడ్డ ఆరోగ్యముగా నున్నాడు, మగడు ప్రక్కనున్నాడు, తల్లి దగ్గఱనున్నది, అయినను కన్నీరాగదు. సగముమందికి పైగా తల్లులకిట్లు జరుగును. మాయ వెడలిన వెంటనే, తొమ్మిది నెలలు దేహమున పొంగియుండిన స్త్రీరసములు రెండు మూడు దినములలో అమాంతముగా పడిపోవును; అప్పుడే పాలు పడును; రాత్రులు నిద్రయుండదు. ఈ మూడును ఒక్కసారి మీద పడిన ఎంత ధైర్యవంతురాలైనను బేలపడదా? ఇది రోగము కాదు. దగ్గఱ కూర్చుండి ఒక ముద్ద తినిపించి, రెండు గంటలు నిద్రపోనిచ్చిన రెండు వారములలోపల తానే పోవును. “పచ్చి బాలింతవు, ఏడువరాదు, బిడ్డకు కీడు” అని గదమాయించుటవలన కన్నీరు ఆగదు. దాచుకొనుట మాత్రము నేర్చుకొనును.

అట్లు దాచుకొనుటయే మాకు భయము. రెండు వారములు దాటినను దుఃఖము తీఱక, ఆఁకలి చచ్చి, బిడ్డ నిదురించినను తనకు నిద్రపట్టక, దేనియందును ఆసక్తి లేక, తాను చెడ్డతల్లినని తనలో తాను కుమిలిపోవుచున్నచో అది రోగమే. మన దేశమున జరిగిన పరిశోధనలనన్నిటిని కూర్చి 2017లో ప్రపంచారోగ్యసంస్థ పత్రికయందు ప్రకటించిన లెక్క ప్రకారము నూటికి 22 మంది తల్లులకీ వ్యాధి కలుగుచున్నది. అయిదుగురు బాలింతలలో ఒకరన్నమాట. మన వీథిలో ఈ యేడు అయిదు పురుళ్ళు వచ్చియుండిన, అందొకరు ఎవరికిని చెప్పకుండ ఈ బరువు మోసియుందురు.

మేమెఱిగిన యొక యింట రెండవసారియు ఆడపిల్ల పుట్టినది. ఎవరును పరుషముగా నొక్కమాట యనలేదు. అయినను పదునొకండవనాడు వచ్చినవారందఱును “పోనీలే అమ్మా” అని యోదార్చిపోయిరి. ఆ చిన్నది నెలదినములు గోడవైపు తిరిగి పండుకొన్నది. బిడ్డకు పాలిచ్చును, గుడ్డలు మార్చును, ముఖము మాత్రము చూడదు. బాలింత నీరసమని అందఱును అనుకొనిరి. తుదకు వరుసకు పెద్దమ్మ యగు నొక ముసలమ్మ వచ్చి, అందఱను బయటికి పంపి, తలుపు చేరవైచి, “నాతో చెప్పవే తల్లీ, నీకేమున్నది లోపల?” అని యడిగెను. “పెద్దమ్మా, నేను లేకపోయినను వీరికేమియు లోటుండదనిపించుచున్నది” అన్నదట ఆ పిల్ల. ఆ సాయంకాలమే ఆమెను వైద్యురాలి యొద్దకు కొనిపోయిరి. నాలుగు నెలలకు మనిషి తేఱుకొన్నది. ఆ ముసలమ్మకు చదువు లేదు. అడుగవలసిన మాట తెలియును.

గోవాలో జరిగి 2002లో ప్రకటింపబడిన పరిశోధన సయితము ఇట్టిదే చెప్పినది: దారిద్ర్యము, మగని దౌర్జన్యము, మగబిడ్డను కోరియుండగా ఆడబిడ్డ కలుగుట, ఇవి తల్లి మనోవ్యాధిని హెచ్చించుచున్నవి. బిడ్డ ఆడో మగో నిర్ణయించునది తండ్రి బీజమని పాఠశాలలో చదివిన మనమే పురిటిగదిలో దానిని మఱచుట వింత.

స్కాట్లండు వైద్యులు 1987లో ఈ వ్యాధిని పసికట్టుటకై పది ప్రశ్నల పట్టిక నొకదానిని వెలువరించిరి. గడచిన వారములో నవ్వగలిగితివా, నిష్కారణముగా నిన్ను నీవు నిందించుకొంటివా, భయపడితివా, నిద్ర పట్టెనా, నీకు నీవు హాని చేసికొనవలెనని తోచెనా, ఇట్టివే ఆ ప్రశ్నలు. ఇవి అడుగుటకు పెద్ద పరీక్షలక్కఱలేదు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి రావలసియున్నది. ఆమె వచ్చినప్పుడు బిడ్డను తూచి పంపివేయక, తల్లితో ఏకాంతముగా మాటాడనిండు. 2022లో ప్రభుత్వము వారు నెలకొల్పిన టెలిమానస్ వారికి 14416 సంఖ్యకు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటాడవచ్చును. మందు వాడిన పాలు మాన్పింపవలెనని వెనుదీయకుడు. పాలిచ్చుచు వాడదగిన మందులున్నవి, వైద్యులు చూచి యిత్తురు.

వేయిమందిలో ఒకరికో ఇద్దఱికో వచ్చు సూతికోన్మాదము మాత్రము వేఱు. తఱచుగా మొదటి రెండు వారములలోనే హఠాత్తుగా వచ్చును. నిద్ర బొత్తిగా లేకుండుట, లేని మాటలు వినబడుట, సంబంధము లేని పలుకులు, బిడ్డ తనది కాదనుట దీని గుర్తులు. గాలి సోకినదని తాయెత్తులకై తిరుగుచు దినములు గడపరాదు. ఆమెను గాని బిడ్డను గాని ఒంటరిగా విడువక, ఆనాడే ఆసుపత్రిలో చేర్పవలెను. బెంగుళూరు నిమ్హాన్సులో ఇట్టి తల్లులను బిడ్డలతో కూడ ఉంచి చికిత్స చేయుటకు 2009లో ప్రత్యేక విభాగమేర్పడినది. వేళకు చికిత్స జరిగిన చాలమంది పూర్తిగా కోలుకొందురు.

మగవారీ పత్రికను చదువరు గాన వారికి చెప్పవలసినది మీరే చదివి వినిపింపుడు. పాలిచ్చుట తప్ప బిడ్డ పనులన్నియు పురుషుడు చేయగలడు. రాత్రి రెండు గంటలకు బిడ్డను తల్లి రొమ్ము దగ్గఱకు చేర్చి, త్రాగిన పిమ్మట భుజమున వైచుకొని త్రేన్పించి పండుకొనబెట్టుట అంత కష్టమైన విద్య కాదు. తల్లికి వరుసగా నాలుగు గంటల నిద్ర దొరకిన, మఱునాడు ఆ యింటి ముఖమే వేఱుగా నుండును.

మూడవ నెలనో అయిదవ నెలనో కూతును అత్తవారింటికి పంపునప్పుడు పెట్టెలో బిడ్డ గౌనులు, చలిమిడి సర్దుటతోపాటు, మిగిలిన ఇనుము బిళ్ళలను గూడ పెట్టుడు. అవి కాన్పు తర్వాత 180 దినములు మ్రింగవలసినవి. మూడవ నెలకు సగమైనను మిగిలియుండును. వియ్యపురాలితో బిడ్డ యెన్ని గంటలకు పాలు త్రాగునో చెప్పునప్పుడే, తల్లి యెన్ని గంటలు నిద్రించుచున్నదో, ఏ మాటకు కంట నీరు పెట్టుకొనుచున్నదో, అదియు చెప్పి పంపుడు.