అవిభక్తము – అవిభాజ్యము

అన్నదమ్ములు వేరుపడునపుడు వ్రాసికొను పంపకపు దస్తావేజులలో “అవిభక్తము”, “అవిభాజ్యము” అను రెండు మాటలను ఒకదానికి బదులొకటి వాడుట మేము చూచుచున్నాము. వినుటకు రెండును ఒక్కటే యనిపించును. కాని యీ పొరపాటు వ్యాకరణముతో పోవునది కాదు. పొలమునకు నీరిచ్చు బావి దాక పోవును.

రెంటికిని ధాతువు “భజ” యే. భాగమును, భాజకమును, చిత్రముగా భక్తి యను మాటయు దానినుండి పుట్టినవే. అయినను “అవిభక్త” మనగా ఇంకను పంచబడనిది. “అవిభాజ్య” మనగా పంచరానిది. మొదటిది నేటి స్థితిని చెప్పును. రెండవది వస్తు స్వభావమును చెప్పును. అవిభక్త కుటుంబపు ఆస్తిని భాగస్థుడొకడు కోరిననాడు పంచవలసి వచ్చును. బావిని ఎవరు కోరినను ముక్కలు చేయుటెట్లు?

మన పూర్వులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. కట్టుబట్ట, వాహనము, నగ, వండిన అన్నము, నీరు మున్నగువానిని పంచరాదని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. కర్ణాటకమందలి కల్యాణమున చాళుక్యుల కాలమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు, ఇచట నీరనగా బావి మొదలగు నీటి ఆధారమని వివరించి, భాగములు సరిగా కుదరనిచో వెలకట్టి పంచక వంతులవారీగా అనుభవింపవలెనని వ్రాసెను. ఆ శాస్త్రమును 13వ శతాబ్దమున కేతన “విజ్ఞానేశ్వరీయ” మను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

జమీందారీల సంగతి వేరు. అచట పంచరానితనము వస్తువునుండి కాక ఆచారమునుండి వచ్చినది: ఎస్టేటు జ్యేష్ఠునిది, తమ్ములకు మనోవర్తి. చెన్నపురి రాజధానిలో 1904 నాటి చట్టము దానిని స్థిరపరచెను. 1948 నాటి చట్టము ఎస్టేటుల రద్దునకే దారి తీసెను. బావికి అట్టి భయము లేదు.

“ఉమ్మడి” అను చక్కని తెలుగు మాట యున్నది గాని, అది అవిభక్తమునకే సరిపోవును. “ఉమ్మడి బావి” యని వ్రాసి ఊరకున్నచో తగవు మరుసటి వేసవికే మొదలగును. “పంచరాని బావి” యని వ్రాసి, ఎవరి వంతు ఏ దినమున ఎన్ని గంటలో, పూడిక తీయుటకును మోటారు బాగుచేయించుటకును ఎవరెంత పెట్టుకొనవలెనో ఆ పంక్తిలోనే చేర్చవలసినదిగా దస్తావేజు లేఖరులను కోరుచున్నాము.