కృత్రిమ మేధ వ్రాసిన వాక్యమును ఎంతవరకు నమ్మవచ్చును?

2019 ఆగస్టులో ఎల్ సాల్వడార్ నుండి న్యూయార్కునకు పోవుచున్న అవియాంకా సంస్థ విమానములో, ఫలహారములు పంచు లోహపు బండి ఒక ప్రయాణికుని మోకాలికి తగిలినది. నష్టపరిహారము కొరకు అతడు దావా వేసెను. గడువు దాటినందున అది చెల్లదని విమాన సంస్థ వాదించెను. 2023 మార్చిలో ప్రయాణికుని తరఫు న్యాయవాదులు దీనికి సమాధానముగా ఒక పత్రమును దాఖలు చేసి, అందులో పూర్వపు తీర్పులను పెక్కింటిని ఉదాహరించిరి. ఎదుటి పక్షమువారు ఎంత వెదకినను వానిలో కొన్ని ఎచ్చటను కనబడలేదు. న్యాయమూర్తి కెవిన్ కాస్టెల్ ఆ తీర్పుల ప్రతులను తెమ్మని ఆదేశించెను. ప్రతులు వచ్చినవి. కాని అవియు కల్పితములే! చాట్ జీపీటీ అను కృత్రిమ మేధా సాధనము ఆరు తీర్పులను, వానిని చెప్పిన న్యాయమూర్తుల పేర్లతో సహా, అల్లి యిచ్చినది.

ఈ తీర్పులు నిజమైనవేనా అని ఆ న్యాయవాది యంత్రమునే అడిగెనట. నిజమైనవే అని యంత్రము బదులు చెప్పినది. 2023 జూన్ 22న న్యాయస్థానము 5,000 డాలర్ల జరిమానా విధించి, ఎవరి పేర్లు దొంగ తీర్పులలో వాడబడినవో ఆ న్యాయమూర్తులకు జరిగినది తెలుపుచు లేఖలు వ్రాయవలెనని ఉత్తరువు చేసినది. నమ్మదగిన సాధనముల సహాయము పొందుట తప్పని కాస్టెల్ అనలేదు. దాఖలు చేసిన పత్రములోని విషయములు సరియైనవో కావో చూచుకొను బాధ్యత మాత్రము న్యాయవాదిదే అనెను.

యంత్రము అబద్ధమాడినదని మనము అనుకొందుము. లేక అది చెడిపోయినదని అనుకొందుము. రెండును సరికాదు. ఆ దినమున అది చేసిన పని, మిగిలిన దినములలో చేయు పనియే. ఇది తెలియవలెనన్న ఒక శతాబ్దము వెనుకకు పోవలెను.

1913లో ఆంద్రే మార్కోవ్ అను రష్యా గణితశాస్త్రజ్ఞుడు పుష్కిన్ కావ్యము ‘యెవ్గెనీ అనేగిన్’ను తీసికొని, మొదటి 20,000 అక్షరములలో అచ్చులెన్ని, హల్లులెన్ని అని ఓపికగా లెక్కించెను. అచ్చులు 8,638, హల్లులు 11,362. ఒక అచ్చు తరువాత మరల అచ్చు వచ్చుట నూటికి సుమారు 13 సార్లే. హల్లు తరువాత అచ్చు వచ్చుటయో, నూటికి 66 సార్లు. అనగా ముందున్న అక్షరమును బట్టి, రాబోవు అక్షరమును కొంతవరకు ఊహింపవచ్చును. కావ్యార్థముతో పని లేకయే ఈ ఊహ సాధ్యమైనదని గమనింపుడు.

నేటి యంత్రములు ఈ ఊహనే అక్షరములకు బదులు పదములతోను, పదఖండములతోను చేయుచున్నవి. “విశాఖపట్టణము సముద్రపు” అనగానే పాఠకునికి “ఒడ్డున” అను మాట తోచును గదా! మార్కోవ్ ముందున్న ఒక్క అక్షరమును చూచెను. యంత్రము ముందున్న పుటలన్నిటిని చూచి, రాదగిన మాటలలో ఒకదానిని ఎన్నుకొనును. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణము దీనికి మార్గము చూపినది. 2020లో వెలువడిన జీపీటీ-3 అను నమూనాలో ఇట్టి ఊహకు ఆధారమగు సంఖ్యలు 17,500 కోట్లు!

సి. వి. రామన్‌కు నోబెల్ బహుమతి 1930లో వచ్చినదని వేల పుటలలో ఉన్నది. కనుక యంత్రపు ఊహ సత్యముతో కలియును. ఒక చిన్న గ్రామములోని పాఠశాల ఏ సంవత్సరమున స్థాపింపబడినదో ఏ పుటలోను లేకపోవచ్చును. అయినను ఆ చోట ఒక సంవత్సరము ఉండవలెనని యంత్రమునకు “తెలియును”. ఏదో ఒకటి వేయును. రెండు వాక్యములును ఒకే ధీమాతో వెలువడును. చదువరికి తేడా కనబడదు. నిజమా అని తిరిగి అడిగినచో ఆ జవాబు కూడ మరియొక ఊహయే. ఇటీవలి సాధనములు అంతర్జాలములో వెదకి ఆధారములను చూపుచున్నవి. ఇది మేలే, కాని ఆ ఆధారమును తెరచి చదువవలసినవాడు మనుష్యుడే.

ఇక ఉద్యోగరీత్యా వ్రాయువారి సంగతి. ఒక ప్రధానోపాధ్యాయుడు ప్రయోగశాలకు పరికరములు కావలెనని పై అధికారికి వ్రాయవలసియున్నదనుకొందము. “ఒక లేఖ వ్రాయుము” అన్నచో యంత్రము చక్కని లేఖ వ్రాయును. అది ఏ పాఠశాలకైనను సరిపోవును. అధికారికి దాని వలన ప్రయోజనము లేకపోవుటకు కారణము కూడ అదియే. అట్లుగాక, స్టాకు రిజిస్టరు చూచి, బ్యూరెట్లు 12, పగిలినవి 7, విద్యార్థులు 40 మంది అని తానే వ్రాసికొని, ఈ విషయములను ఒక పుటలో క్రమముగా అమర్చుమని కోరవచ్చును. అప్పుడు యంత్రపు నేర్పు నిజముగా ఉపయోగపడును. అమర్చి యిచ్చిన తరువాత మాత్రము ప్రతి అంకెను రిజిస్టరుతో పోల్చవలెను. “ఇందువలన విద్యార్థుల ఫలితములు తగ్గినవి” అని అడుగని వాక్యమొకటి మధ్యలో చేరియుండవచ్చును. వినుటకు అది బాగుగనే ఉండును. అట్టివే తప్పించుకొని పోవును. లేఖ క్రింద సంతకము ప్రధానోపాధ్యాయునిది.

ఈ కారణము చేతనే ‘నేచర్’ పత్రిక 2023 జనవరిలో, ఇట్టి యంత్రమును వ్యాసకర్తగా అంగీకరింపమని ప్రకటించినది. కర్త అన్నవాడు వ్రాసినదానికి జవాబుదారి కావలెను, యంత్రము కాజాలదు. రచనలో దానిని వాడినచో ఆ విషయము వ్యాసములో తెలుపవలెననియు ఆ పత్రిక కోరినది.

మరియొక జాగ్రత్త కలదు. మనము టైపు చేసినది సాధారణముగా ఎక్కడనో ఉన్న ఆ సంస్థ కంప్యూటర్లకు పోవును. విద్యార్థుల పేర్లు, మార్కులు, రోగుల వివరములు అందులో చేర్చరాదు. పేరుకు బదులు ‘ఒక విద్యార్థి’ అన్నను లేఖకు లోటు లేదు.

తెలుగున వ్రాయించువారికి ఇంకొక చిక్కు. అంతర్జాలములో ఇంగ్లీషు పుటలతో పోల్చిన తెలుగు పుటలు మిక్కిలి తక్కువ. కావున వాక్యము తెలుగు లిపిలో ఉన్నను నడక ఇంగ్లీషుదై ఉండుట కలదు. ఒకసారి పైకి చదివినచో అది వెంటనే చెవికి తగులును. తెలుగు ఉపాధ్యాయులు తరగతిలో ఇట్టి పేరా నొకదానిని నల్లబల్లపై వ్రాసి, విద్యార్థుల చేత దిద్దించి చూడవచ్చును.