మారిషసు ద్వీపమున పల్లెల పరిపాలనము

హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పుగా మారిషసు అను ద్వీపదేశము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున మన కోరంగి రేవునుండి అచ్చటి చెఱకుతోటలలో పనికై పోయిన తెలుగువారికి ఆ రేవు పేరిటనే ‘కోరంగీలు’ అను పేరు కలిగినది. వారి సంతతివారు నేటికిని అచ్చట నున్నారు. ఆ దేశపు పల్లెలు తమ్ము తామెంతవఱకు పాలించుకొనుచున్నవో నేడు విచారింతము.

ప్రధానద్వీపమున జిల్లాలు తొమ్మిది. వానిలో పోర్టులూయిసు, ప్లేన్సు విల్హెమ్సు అను రెండును పట్టణప్రాయములు. వానియందు అయిదు పురపాలకసంఘములు కలవు. తక్కిన యేడు జిల్లాలకు ఏడు జిల్లాసభలు. పూర్వము నాలుగే సభలుండెడివి; ఒకటి తప్ప తక్కినవి రెండేసి జిల్లాలను ఒక్క కాడికి కట్టినట్టివి. 2011 నాటి శాసనము ఆ జంటలను విడదీసినది.

జిల్లాసభవారిని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. ప్రతి గ్రామమునను తొమ్మండుగురు సభ్యులు గల గ్రామసంఘమును ఎన్నుకొందురు. గ్రామసంఘము తన ప్రతినిధిని జిల్లాసభకు పంపును. కూటమిగా నిలుచు అభ్యర్థులలో స్త్రీలు గాని పురుషులు గాని మూడవవంతునకు తగ్గరాదని పై శాసనమే విధించినది. ఇది మెచ్చదగిన నియమము.

చెత్త తీయించుట, వీధిదీపములు, అంగళ్ళు, ఆటస్థలములు, శ్మశానములు, చిన్నబాటలు, ఇండ్లు కట్టుకొనుటకు అనుమతులు, మురుగుకాలువలు: ఇవి జిల్లాసభల పనులు. కాలువయే కదా యని తేలికగా తలపరాదు. అది తుపానుల దేశము. 2013 మార్చి 30వ తేదీన రాజధానియగు పోర్టులూయిసులో హఠాత్తుగా వచ్చిన వెల్లువలో పదునొకండుగురు మరణించిరి.

ఇంత బాధ్యత గల సభకు సొంత ధనమెంత? పల్లెవాసులకు ఇంటిపన్ను లేదు. అనుమతుల రుసుములు, వర్తకుల రుసుములు కొంత వచ్చును. అధికభాగము ప్రభుత్వ మిచ్చు గ్రాంటే. పన్ను లేనందుకు గృహస్థు సంతసించుట సహజమే. కాని సంచి మూతిత్రాడు రాజధానిలో నున్నప్పుడు, కాలువ త్రవ్వింపుమని ఊరివారడుగగా సభ్యుడు అటువైపే చూడవలసివచ్చును. ఉద్యోగులను నియమించుటయు సభ చేతిలో లేదు. అందులకు వేఱొక కమిషను కలదు.

తుదకు ఎన్నికల గడువైనను స్థిరముగా నుండెనా? గ్రామసంఘముల కాలము ఆఱేండ్లని శాసనము. 2012 డిసెంబరులో ఎన్నికలు జరిగినవి; మరల జరిగినది 2020 నవంబరులో. పట్టణములవారు మఱింత వేచిరి: 2015 జూనులో ఎన్నుకొన్నవారి స్థానమున క్రొత్తవారిని ఎన్నుకొను అవకాశము వారికి 2025 మే నెలలో గాని లభింపలేదు.